గౌతమీపుత్ర శాతకర్ణి

కృష్ణానది నల్లమల కొండలను దాటి పలనాటి సీమలో ప్రవేశించి, మాచెర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయను తాకి, తూర్పుగా సాగి అమరావతి యొద్ద విశాలమై ప్రవహించును. రెండువేల యేండ్ల నాడు ఈ నదీతీరమున గొప్ప నగరములు వెలసియుండెను. అమరావతిని ఆనుకొనియున్న నేటి ధరణికోటయే నాటి ధాన్యకటకము. పలనాటి సున్నపురాయి యని పేరొందిన తెల్లని రాతి పలకలపై శిల్పులు బుద్ధుని చరిత్రను చెక్కి అచ్చటి మహాస్తూపమును అలంకరించిరి. ఆ స్తూపమునకు చెందిన ఒక శాసనమున వాసిష్ఠీపుత్ర పులుమావి యను రాజు పేరు కానవచ్చుచున్నది. ఆ పులుమావి తండ్రియే శాతవాహన వంశమున అగ్రగణ్యుడని చరిత్రకారులు కొనియాడు గౌతమీపుత్ర శాతకర్ణి.

ఈ మహారాజు జీవితమును ఆ కాలమున కావ్యముగా వ్రాసినవారు లేరు. అయినను ఆయన కథ మరుగున పడలేదు. నాసిక నగరమునకు చేరువనున్న త్రిరశ్మి పర్వతపు గుహలలో ఆయన ఆజ్ఞలు రాతిపై నిలిచియున్నవి. ఆయన తల్లి గౌతమీ బలశ్రీ వ్రాయించిన దీర్ఘశాసనమును అచ్చటనే కలదు. ఈ రెండింటికి తోడుగా మూడవ సాక్ష్యము చిన్నచిన్న వెండి నాణెములు. రాజును గూర్చి పొగడ్తలు చెప్పు శాసనము నిజమా కాదా యని శంకించువారికి ఆ నాణెములు సమాధానము చెప్పుచున్నవి.

శాతవాహన వంశమునకు మూలపురుషుడు శ్రీముఖుడు. ఇతనిని సిముకుడనియు అందురు. ఈ వంశమువారిని పురాణములు ఆంధ్రులని పేర్కొనినవి. గోదావరీ తీరమునందలి కోటిలింగాలలో శ్రీముఖుని నాణెములు దొరకినవి. ఆ నదీతీరమునందే మహారాష్ట్ర దేశముననున్న ప్రతిష్ఠానపురము వారికి ప్రసిద్ధమైన రాజధాని. అచ్చటినుండి సహ్యాద్రి కనుమల మీదుగా పడమటి సముద్రపు రేవులకు వర్తకుల బాటలు పోవుచుండెను. సన్నని వస్త్రములు, మిరియములు, రత్నములు ఆ రేవులనుండి దూరదేశములకు చేరుచుండెను. ఆ బాటలు ఎవరి చేతిలో నుండునో వారికే సంపద.

కొంతకాలమునకు శాతవాహనుల బలము క్షీణించెను. శకులలో క్షహరాత వంశమువారు సౌరాష్ట్రము, అపరాంతము, నాసిక ప్రాంతములను ఆక్రమించిరి. వారిలో నహపానుడు మిక్కిలి ప్రబలుడు. కల్యాణపు రేవునకు పోవలసిన యవన నౌకలను కాపలాతో భృగుకచ్ఛమునకు మరలించుచుండిరని ఆనాటి గ్రీకు నావికుడొకడు తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఆ భృగుకచ్ఛమే నేటి భరూచి. ఈ విధముగా శాతవాహనులు భూమినే గాక వర్తకమును, వర్తకముతో వచ్చు వెండిని కూడ కోల్పోయిరి.

ఆ వెండి నాణెముల చరిత్ర చాల పురాతనమైనది. మన దేశమున తొలుత వాడుకలో నున్నవి కార్షాపణములు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, సూర్యుడు, చెట్టు, కొండ, ఏనుగు మొదలగు గుర్తులను వానిపై గ్రుద్దెడివారు. వానిపై రాజు బొమ్మ గాని పేరు గాని యుండెడిది కాదు. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దియందు బాహ్లిక దేశపు గ్రీకులు హిందూకుష్ పర్వతములను దాటి గాంధార, పంజాబు ప్రాంతములలో రాజ్యములు స్థాపించిరి. మన పూర్వులు వారిని యవనులనిరి. యవనరాజులు తమ ద్రఖ్మ నాణెములపై రాజు ముఖమును జీవకళ యుట్టిపడునట్లు ముద్రించిరి. ఒక వైపున గ్రీకు లిపిలోను, రెండవ వైపున ప్రజలకు తెలియు ప్రాకృత భాషలో, ఖరోష్ఠీ లిపిలోను రాజు పేరు చెక్కించిరి. పాలకుని భాష ఒకటియు, ప్రజల భాష మరియొకటియు అయినప్పుడు రెండింటికిని ఒకే నాణెముపై చోటు కల్పించుట వారి తెలివికి నిదర్శనము.

ఆ యవనరాజులలో మినాండరు మిక్కిలి ప్రసిద్ధుడు. బౌద్ధుల గ్రంథములు ఇతనిని మిలిందుడని పేర్కొనినవి. ఇతని వెండి ద్రఖ్మ రెండున్నర గ్రాములకు కొంచెము తక్కువ తూగును. దానిపై ఒక వైపున రాజు ముఖము, రెండవ వైపున పిడుగును విసరుచున్న ఎథీనా దేవత కనబడును. మినాండరును, అతనికి పూర్వుడైన అపొలొడోటసును గతించిన చాలకాలమునకు గూడ వారి ద్రఖ్మలు భృగుకచ్ఛపు అంగళ్లలో చెల్లుచుండెనని పైన చెప్పిన గ్రీకు నావికుడే వ్రాసెను. రాజ్యములు పోయినను మంచి నాణెము బ్రదికియుండును. ద్రఖ్మ యను మాటయే సంస్కృతమున ద్రమ్మమైనది. హిందీభాషలో వెలను చెప్పు దామ్ అను పదమును దానినుండి పుట్టినదే.

యవనుల పిమ్మట వచ్చిన శకులు ఆ పద్ధతినే అనుసరించిరి. నహపానుని నాణెములకు ఒక వైపున అతని ముఖమును, చుట్టును గ్రీకు అక్షరములును ఉండును. రెండవ వైపున బాణము, వజ్రాయుధము గుర్తులును, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో అతని పేరును ఉండును. ఈ నాణెములు పడమటి దేశమంతయు వ్యాపించెను. నహపానుని అల్లుడైన ఋషభదత్తుని శాసనములలో వీని లెక్కలు కానవచ్చును. ముప్పదియైదు కార్షాపణములు ఒక సువర్ణమునకు సమానమనియు, 70,000 కార్షాపణములు 2,000 సువర్ణములగుననియు అందు వ్రాయబడినది.

ఋషభదత్తుడు దాత. ఇతడు గోవర్ధన పట్టణమునందలి సాలెవారి శ్రేణిలో 2,000 కార్షాపణములను నిలువచేయించెను. ఆ సొమ్మునకు నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ. లెక్కవేసినచో ఏడాదికి 240 కార్షాపణములగును. త్రిరశ్మి గుహలలో వానకాలము గడపు ఇరువదిమంది భిక్షువులకు ఒక్కొక్కరికి పండ్రెండు చొప్పున వస్త్రముల నిమిత్తము ఆ వడ్డీ సరిగా చాలును. మూలధనమును ఎన్నడును తీయరాదు. అనగా ఆ వెండి నాణెము రాజుల ఖజానాకు మాత్రమే చెందినది కాదు. సాలెవాని మగ్గమును, భిక్షువు కాషాయమును, వర్తకుని మూటయు దానిపై ఆధారపడియుండెను.

ఇట్టి కాలమున గౌతమీపుత్ర శాతకర్ణి సింహాసన మెక్కెను. అది క్రీస్తు శకము ఒకటవ శతాబ్ది ఉత్తరార్ధమని కొందరును, రెండవ శతాబ్ది ఆరంభమని కొందరును పండితులు నిర్ణయించిరి. తల్లి పేరును తన పేరునకు ముందుంచుకొనుట ఆయన వంశమున అలవాటైనది. తల్లియైన గౌతమీ బలశ్రీ సామాన్యురాలు కాదు. కుమారుని పాలనలో ఆమె మాటకు విలువ యుండెడిదని శాసనముల వలన స్పష్టమగుచున్నది.

తాతముత్తాతలు ఏలిన భూమి అన్యాక్రాంతమై యుండగా గౌతమీపుత్రుడు ఊరకుండలేదు. సైన్యమును సమకూర్చుకొని, తన పాలన పదునెనిమిదవ సంవత్సరము నాటికి నాసిక ప్రాంతమును జయించెను. ఆ సంవత్సరమున గోవర్ధనమునందలి బేనాకటకమున విడిసియున్న తన విజయసేనా శిబిరమునుండి ఆయన ఒక ఆజ్ఞ నిచ్చెను. నహపానుని వంశము యుద్ధమున నశించెను. శాతవాహనుల కీర్తి మరల నిలిచెను. శక, యవన, పహ్లవులను అణచినవాడని ఆయన తల్లి శాసనము చెప్పుచున్నది.

యుద్ధమున గెలుచుట ఒక కార్యము. గెలిచిన దేశమును నిలుపుకొనుట వేరొక కార్యము. శిబిరమునుండి ఆయన ఇచ్చిన ఆజ్ఞ ఏమి? దండన గాదు, దోపిడి గాదు. అంతకుముందు ఋషభదత్తుని అనుభవములో నుండిన రెండువందల నివర్తనముల పొలమును త్రిరశ్మి గుహలయందలి భిక్షువులకు దానమిమ్మని గోవర్ధనమునందలి అమాత్యుడు విష్ణుపాలితునకు వ్రాయించెను. ఆ సంవత్సరమునందే కార్లే గుహలలోని భిక్షువులకు కరజిక గ్రామమును దానము చేసెను. ఆ భిక్షువులకు అంతకుముందు ఋషభదత్తుడును గ్రామదానము చేసియుండెను. శత్రువు చేసినదగుటచే ధర్మకార్యమును చెరుపక, దానినే తన చేతితో నిలిపెను.

ఆరు సంవత్సరములు గడచెను. భిక్షువులకిచ్చిన పొలము బీడుపడెననియు, ఆ గ్రామమున జనులు నివసించుట లేదనియు రాజునకు తెలిసెను. దానమిచ్చితిమి గదా యని ఆయన ఊరకుండలేదు. ఇరువదినాల్గవ సంవత్సరమున తల్లితో కలిసి అమాత్యుడు శ్యామకునకు మరియొక ఆజ్ఞ పంపెను. పట్టణపు పొలిమేరయందున్న రాజక్షేత్రమునుండి నూరు నివర్తనముల భూమిని ఆ భిక్షువులకు ఇయ్యవలసినదని ఆ ఆజ్ఞ సారాంశము. పేరునకు మాత్రమే మిగిలిన పెద్ద దానము కంటె ఫలమిచ్చు చిన్న దానము మేలని ఆ తల్లీకొడుకులు గ్రహించిరి.

ఇక నాణెముల సంగతి. జయించిన దేశమున ప్రతి ఇంటను, ప్రతి అంగడిలోను నహపానుని ముఖమున్న వెండి నాణెములే యుండెను. నశించిన శత్రువు ముఖము ప్రతిదినము ప్రజల చేతులలో తిరుగుచుండుట గెలిచిన రాజునకు సమ్మతమగునా? ఆ నాణెములు చెల్లవని చాటింపు వేయించిన, శ్రేణుల నిలువలు ఒక్కనాటిలో గవ్వకు కొరగాకుండపోవును. శకులతో పోరాడని సాలెవాడును, వర్తకుడును, భిక్షువును శిక్ష ననుభవింతురు. అన్నింటిని కరిగించి క్రొత్తవి పోయించిన, కాలము, వ్యయము అధికమగును. ఈ రెండును గాక మూడవ మార్గమొకటి కలదు. గౌతమీపుత్రుడు దానినే చేపట్టెను.

1906వ సంవత్సరమున నాసిక జిల్లాలోని జోగల్తెంబి యను గ్రామమున భూమిలో పాతిపెట్టిన నాణెముల నిధి దొరకెను. అందు నహపానుని వెండి నాణెములు 13,250 వరకు ఉండెను. వానిలో 9,270 నాణెములపై గౌతమీపుత్రుని ముద్ర కానవచ్చెను. పాత నాణెమును దాగలిపై నుంచి, క్రొత్త అచ్చును మీదనుంచి సుత్తెతో కొట్టినచో క్రొత్త గుర్తు దానిపై నాటుకొనును. ఒక వైపున మూడు గోపురముల కొండ గుర్తును, చుట్టును రాజు పేరును పడినవి. రెండవ వైపున నాలుగు వలయములు గల శిలువ వంటి ఉజ్జయినీ చిహ్నము పడినది. ఆ దెబ్బకు నహపానుని ముఖము అణగిపోయెను గాని పూర్తిగా చెరగలేదు. కొన్నింటిపై ముక్కును, కొన్నింటిపై జుట్టును, కొన్నింటిపై రెండు మూడు గ్రీకు అక్షరములును ఇప్పటికిని కనబడుచున్నవి.

ఈ నిధిలో మరియొక విశేషము కలదు. ముద్ర పడని నాణెములు సుమారు 4,000 అదే నిధిలో నుండెను. దానిని దాచినవాడు రెండు విధముల నాణెములను వేరుచేయక ఒక్కచోటనే యుంచెను. రాజు మారినను వెండి విలువ మారలేదనుటకు ఇదియొక నిదర్శనము. నాణెములోని లోహము ప్రజలది, దానిపై ముద్ర రాజుది. గౌతమీపుత్రుడు రాజునకు చెందిన దానిని మాత్రమే మార్చి, ప్రజలకు చెందిన దానిని ముట్టలేదు. క్షహరాత వంశమును నిర్మూలించెనని తల్లి శాసనము చెప్పిన మాటకు ఆ వేలకొలది నాణెములే ఋజువు. కవి పొగడవచ్చును గాని, తొమ్మిదివేల నాణెములు కూడబలుకుకొని అసత్యమాడజాలవు.

ఆ పిమ్మట గౌతమీపుత్రుడు తన ముఖమున్న వెండి నాణెములను కూడ వేయించెను. అంతకుముందు శాతవాహనుల నాణెములలో సీసము, రాగి, మిశ్రలోహములతో చేసినవే ఎక్కువ. వానిపై ఏనుగు, సింహము, కొండ మొదలగు గుర్తులుండెడివి. యవనులనుండి శకులకు, శకులనుండి శాతవాహనులకు రాజముఖ ముద్రణము సంక్రమించెను. ఈ వంశపు వెండి నాణెములలో ఒక వైపున ప్రాకృతమును, రెండవ వైపున దక్షిణదేశపు భాషయు కానవచ్చును. ఆ రెండవ భాషలోని పదముల తీరు తెలుగు, తమిళములతో చుట్టరికము కలదిగా పండితులు గుర్తించిరి. యవనులు గ్రీకు ప్రక్కన ప్రాకృతమును నిలిపినట్లే, శాతవాహనులు ప్రాకృతము ప్రక్కన దేశభాషను నిలిపిరి. పరాయివారి పద్ధతిని గ్రహించి దానిని తమ ప్రజలకు తగినట్లు మలచుకొనిరి.

గౌతమీపుత్రుని రాజ్యము అస్మక, మూలక, సౌరాష్ట్ర, అపరాంత, విదర్భ, అవంతి మొదలగు దేశములపై వ్యాపించెనని బలశ్రీ శాసనము చెప్పుచున్నది. వింధ్య, సహ్య, మలయ, మహేంద్ర పర్వతములకు ఆయన ప్రభువనియు, ఆయన అశ్వములు మూడు సముద్రముల నీరు త్రాగెననియు అందు వర్ణింపబడినది. మహేంద్రగిరి మన తూర్పుకనుమలలోనిది. ఆయన ధర్మము తప్పక పన్నులు గ్రహించెననియు, పురజనుల సుఖదుఃఖములను తనవిగా తలచెననియు, అపరాధము చేసిన శత్రువు ప్రాణమునైన తీయుటకు ఇష్టపడలేదనియు, తల్లికి శుశ్రూష చేసెననియు ఆ శాసనము తెలుపుచున్నది. వైదిక ధర్మమును పాటించినవాడయ్యు బౌద్ధభిక్షువులకు భూములిచ్చుట ఆయన సమదృష్టిని వెల్లడించుచున్నది.

ఆ శాసనము రాజు జీవించియుండగా వ్రాయించినది కాదు. మనుమడైన పులుమావి పాలనలో పందొమ్మిదవ సంవత్సరమున వృద్ధురాలైన బలశ్రీ త్రిరశ్మి పర్వతమున ఒక గుహను తొలిపించి భద్రాయణీయులను బౌద్ధభిక్షువులకు దానము చేసెను. ఆ సందర్భమున గతించిన కుమారుని గుణములను రాతిపై వ్రాయించెను. మహారాజునకు తల్లిననియు, మహారాజునకు పితామహిననియు ఆమె తన్ను చెప్పుకొనెను. కొడుకును పోగొట్టుకొని బ్రదికియున్న తల్లి దుఃఖము ఆ బిరుదుల వెనుక దాగియున్నది.

గౌతమీపుత్రుడు మరల గెలిచిన ఉత్తరభాగములన్నియు అతని వంశమువారి చేతిలో శాశ్వతముగా నిలువలేదు. కార్దమక వంశపు శకులు బలపడిరి. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనమున రుద్రదామనుడు తాను దక్షిణాపథ ప్రభువైన శాతకర్ణిని రెండు మారులు ఓడించియు, దగ్గర సంబంధమును బట్టి విడిచిపెట్టితినని చెప్పుకొనెను. కాని కృష్ణాతీరమున శాతవాహనుల పేరు నిలిచెను. పులుమావి కాలమున అమరావతీ స్తూపము వర్ధిల్లెను. ఆ తరువాత యజ్ఞశ్రీ శాతకర్ణియు తన ముఖమున్న వెండి నాణెములను వేయించెను.

శాతవాహనుల పిమ్మట ఇక్ష్వాకులు పలనాటి సీమలో విజయపురిని రాజధానిగా చేసికొని పాలించిరి. నాగార్జునకొండ లోయయే ఆ విజయపురి. వారును వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అని తల్లి పేరును ముందుంచుకొనిరి. వారి నాణెములు చిన్నవైన సీసపు బిళ్ళలు. వీరపురుషదత్తుని కాలమునకు చెందిన నాగార్జునకొండ శాసనమొకటి ఉజ్జయినీ మహారాజు కుమార్తెయైన రుద్రధరభట్టారికను మహాదేవిగా పేర్కొనుచున్నది. ఒకనాడు ఉజ్జయినీ శకులు శాతవాహనులతో పోరాడిరి. కొన్ని తరములు గడచినంతనే ఉజ్జయినీ రాజపుత్రిక పలనాటి సీమలో రాణియై దానధర్మములు చేసెను. నాగార్జునసాగరపు జలాశయమున ఆ లోయ మునుగుటకు ముందు 1954వ సంవత్సరము మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు అచ్చట విస్తృతముగా త్రవ్వకములు సాగించిరి. దొరకిన శిల్పములను, శాసనములను నీటి నడుమ దీవిగా మిగిలిన కొండపై ప్రదర్శనశాలలో భద్రపరచిరి.

గౌతమీపుత్రుని కోటలు, సైన్యములు, రథములు కాలగర్భమున కలిసిపోయినవి. రెండు గ్రాముల పైచిలుకు తూగు వెండి బిళ్ళలు మాత్రము మిగిలియున్నవి. వానిపై ఇద్దరు రాజుల ముద్రలు ఒకదానిపై నొకటి పడియున్నవి. క్రిందిది ఓడినవానిది, పైది గెలిచినవానిది. ఆ రెండు ముద్రలను మోయుచున్న వెండి నాటి సాలెవారును, రైతులును, వర్తకులును చెమటోడ్చి సంపాదించుకొన్నది. ఆ కష్టార్జితమునకు హాని కలుగకుండ రాజ్యమును మార్చుటయే గౌతమీపుత్ర శాతకర్ణి సాధించిన విజయములలో గొప్పది.